కవరు కత్తిరించకండి, స్టాంపు తడపకండి

ఎడిటర్ గారికి నమస్కారం.

పాత స్టాంపులుంటే లక్షలు వస్తాయని మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివి మా వీధిలో చాలామంది ట్రంకు పెట్టెలు దింపారు. సంతోషమే. కానీ నాకు చూపించడానికి తెచ్చినవాళ్లలో ఎక్కువమంది కవరు మీంచి స్టాంపు కత్తిరించి, నీళ్లలో నానబెట్టి, ఒలిచి మరీ తెచ్చారు. చూసి ప్రాణం ఉసూరుమంది. పోస్టాఫీసు కౌంటర్లో పనిచేసి రిటైరైన మనిషిని, ఈ నాలుగు ముక్కలు రాయకుండా ఉండలేకపోతున్నాను.

వాళ్లు తెచ్చినవాటిలో 1971 నాటి ‘రెఫ్యూజీ రిలీఫ్’ స్టాంపులు చాలా ఉన్నాయి. అప్పుడు తూర్పు పాకిస్తాన్ నుంచి దాదాపు కోటిమంది కట్టుబట్టలతో మన దేశానికి వచ్చారు. వాళ్ల కోసం నవంబరు 15 నుంచి ఉత్తరాల మీద 5 పైసల పన్ను వేశారు. 20 పైసల కవరుకి జనం 25 పైసలు పెట్టారు. ప్రత్యేకంగా అచ్చేసిన స్టాంపు డిసెంబరు 1న గానీ రాలేదు. ఈలోగా కుటుంబ నియంత్రణ బొమ్మ ఉన్న మామూలు 5 పైసల స్టాంపు మీదే ఆ రెండు మాటలు ముద్రించి అమ్మారు. బెంగళూరు, జైపూర్ లాంటి చోట్ల స్థానికంగానే ముద్ర వేయించుకున్నారు. సేకరించేవాళ్లు ఎక్కువగా వెతికేది ఈ స్థానిక ముద్రల కోసమే.

దొంగ సరుకు పుట్టేదీ అక్కడే. ఆ 5 పైసల స్టాంపు ఎక్కడైనా చవగ్గా దొరుకుతుంది, రబ్బరు స్టాంపు ఎవరైనా చేయించుకోవచ్చు. భూతద్దం పెట్టి చూడండి. అసలుదైతే పోస్టాఫీసు తేదీ ముద్ర సిరా ఆ అక్షరాల మీదుగా పోతుంది. వాడేసిన స్టాంపు మీద ఈమధ్య కొట్టినదైతే అక్షరాల సిరానే తేదీ ముద్ర మీదకి ఎక్కి ఉంటుంది. ఇంతకన్నా గట్టి సాక్ష్యం కవరు. తేదీ ముద్ర సగం స్టాంపు మీద, సగం కవరు మీద పడుతుంది. ఊరి పేరు, తేదీ చాలాసార్లు కవరు మీదున్న సగంలోనే ఉంటాయి. స్టాంపు ఒలిచి కవరు పారేస్తే, అది ఏ ఊళ్లో, ఏ రోజున వాడిందో ఇక ఎవరు చెప్పగలరు?

రెవెన్యూ స్టాంపులకీ ఇదే వర్తిస్తుంది. తాతలనాటి ప్రోనోట్లు, రసీదులు ఉంటే స్టాంపు మీది సంతకంతో సహా కాగితాన్ని అలాగే ఉంచండి. రెవెన్యూ స్టాంపేగా అని తీసిపారేయకండి. 1866లో 6 అణాల తపాలా స్టాంపులు అవసరమైతే, విదేశీ హుండీలకు (వ్యాపారుల చెల్లింపు పత్రాలకు) వాడే రెవెన్యూ స్టాంపుల పైనా కిందా కత్తిరించి, ఆకుపచ్చ సిరాతో ‘పోస్టేజ్’ అని ముద్రించి ఉత్తరాలకు వాడారు. మన దేశపు స్టాంపుల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది అదే.

ధరల సంగతి రాసినంత పెద్ద అక్షరాల్లోనే, నానబెట్టొద్దని కూడా వచ్చే ఆదివారం వేయండి. పక్కన తేదీ ముద్ర పూర్తిగా కనిపించే కవరు ఫొటో ఒకటి పెట్టండి. ఫొటోకి కావాలంటే నా దగ్గరున్న కవర్లు ఇస్తాను.

ఇట్లు,
ఒక విశ్రాంత తపాలా ఉద్యోగి,
రాజమహేంద్రవరం