ఏడో తరగతి తల్లిదండ్రులకు: సోమవారం నుంచి పిల్లలకి ఒక పని

అందరికీ నమస్కారం అండీ. నవంబర్ 13 ప్రపంచ దయా దినోత్సవం, మర్నాడే బాలల దినోత్సవం కాబట్టి 10 సోమవారం నుంచి 14 శుక్రవారం దాకా మన క్లాసు పిల్లలు రోజుకొకరికి, ఎవరూ చెప్పకుండానే, ఏదో ఒక సాయం చేయాలని అనుకున్నాం.

పెద్దవేం అక్కర్లేదు. జ్వరమొచ్చి మానేసినవాళ్ళకి నోట్స్ ఇవ్వడం, కబడ్డీలో ఎప్పుడూ మిగిలిపోయేవాణ్ణి ముందే పిలవడం, భోజనాల దగ్గర ఒక్కతే కూర్చున్న పిల్ల పక్కకి కంచం పట్టుకెళ్ళి కూర్చోవడం. ఈ చివరిది నాకు అన్నిటికన్నా ముఖ్యం. కొత్తగా చేరిన పిల్లలు గోడవైపు తిరిగి గబగబా తినేసి వెళ్ళిపోతున్నారు. మన బడి భోజనానికి ఎవరి పేరు పెట్టారో ఆ డొక్కా సీతమ్మ గారు గోదావరి లంకల్లో వేళాపాళా చూడకుండా వచ్చినవాళ్ళందరికీ అన్నం పెట్టిన తల్లి. ఆవిడ గురించి సోమవారం ప్రార్థనలో చెప్తాను.

మీరు చేయాల్సింది: రాత్రి అన్నాల దగ్గర "ఇవాళ ఎవరికి ఏం చేశావ్?" అని అడగండి. ఏమీ లేదంటే తిట్టొద్దు. ఫొటోలు మాత్రం గ్రూపులో పెట్టకండి, సాయం తీసుకున్న పిల్లలు చిన్నబోతారు. దీనికి మార్కులు, బహుమతులు లేవు.

శుక్రవారం చివరి పీరియడ్‌లో తమకి సాయం చేసినవాళ్ళ గురించి చీటీ రాస్తారు, ఒక తెల్లకాగితం పంపండి. మెసేజ్ చూసినవాళ్ళు 'సరే' అని పెట్టండి. ఫోన్ లేనివాళ్ళకి పక్కింటివాళ్ళు చెప్పండి, మర్చిపోవద్దు.