నీ రిపోర్టులోని ఎఫ్‌టీఓ సంగతి

ఒరేయ్ శీనూ,

జీన్ రిపోర్టు చూశాను. ఎఫ్‌టీఓ అంటే ఒంటి బరువుతో ముడిపడిన ఒక జీన్. ‘ఎఫ్‌టీఓ: ఏఏ, రిస్క్ ఎక్కువ’ అని ఉండేసరికి ‘నా ఒంట్లో కొవ్వు కరగదు, ఇక ఏం చేసినా దండగే’ అని తేల్చేశావుగా! అక్కడే పప్పులో కాలేశావు.

ముందు ఆ ఏఏ నిజమో కాదో చూడు. ఆ జీన్‌లో ఆర్ఎస్9939609 అనే చోట వచ్చే అక్షరాలు ఏ, టీ; అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి వస్తాయి. డీఎన్ఏలో ఆ రెండూ జంట కాబట్టి, ఎదుటి పోగు మీద చదివితే టీటీ కూడా ఏఏగా కనిపిస్తుంది. రిపోర్టుల్లో ఈ తికమక ఉండేదే. డేటా ఫైల్లో ఆర్ఎస్1421085 వెతుకు. అదే జీన్‌లో ఇంకో చోటది, ఈ రెండూ దాదాపు కలిసే వస్తాయి. అక్కడ సీసీ గానీ జీజీ గానీ ఉంటే నీది ఏఏ అన్నది దాదాపు ఖాయం. టీటీ, ఏఏల్లో ఏదున్నా ల్యాబు వాళ్లను నిలదీయి.

సరే, నిజమేననుకుందాం. 2007లో యూరప్‌లో సుమారు 39 వేల మందిని చూస్తే, ఏఏ వాళ్లు టీటీ వాళ్లకన్నా సగటున 3 కిలోలు ఎక్కువ తూగారు. మూడంటే మూడే! మిగతా పొట్టకి లెక్క నువ్వే చెప్పాలి.

ఆ మూడూ ఎలా చేరతాయంటే, ఎక్కువగా ఆకలి దారినే. మామూలుగా భోజనం కాగానే గ్రెలిన్ అనే ఆకలి హార్మోను పడిపోతుంది. ఏఏ వాళ్లలో అది అంతగా పడదని 2013లో లండన్‌లో తేలింది. కడుపు నిండినా ‘ఇంకొంచెం’ అనిపించేది అందుకే. కొవ్వు కణాల్లోనూ దీని పని ఉంది. 1421085 దగ్గర సీ వస్తే పొరుగున ఉన్న ఐఆర్ఎక్స్3, ఐఆర్ఎక్స్5 జీన్లకు పడాల్సిన కళ్లెం ఊడిపోతుంది. దాంతో వేడి పుట్టించాల్సిన కణాలు కొవ్వు దాచేవిగా తయారవుతాయి. 2015లో ఇది కణాల్లో చూశారు. మనుషుల్లో కొలిస్తే మాత్రం ఏఏ వాళ్లు కేలరీలు తక్కువేమీ ఖర్చుపెట్టడం లేదు.

‘జీన్ డైట్’ ప్యాకేజీలకి డబ్బులు తగలేయకు. ఎనిమిది ట్రయల్స్‌లోని తొమ్మిది వేల పైచిలుకు మందిని కలిపి చూస్తే, ఏఏ వాళ్లూ అందరిలాగే తగ్గారు. ఒళ్లు కదిలించేవాళ్లలో ఈ జీన్ ప్రభావం 27 శాతం తగ్గింది కూడా. నా మాట విను: అన్నం గిన్నె బల్ల మీద పెట్టకు, గుడ్డో పప్పో ముందు తిను, మారు వడ్డించుకునే ముందు ఇరవై నిమిషాలు ఆగు.

ఒక్కటి మాత్రం తేలిగ్గా తీసుకోకు. 2009లో మన దేశంలోనే పుణె, మైసూరు వాళ్లను పరిశీలిస్తే, బరువు లెక్క తీసేశాక కూడా ఈ జీన్‌కీ షుగర్‌కీ కొంత లంకె మిగిలింది. నడుము చుట్టుకొలత 90 సెంటీమీటర్లు దాటిందేమో టేపు పెట్టి చూసుకో. ఈ నెలలోనే హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్త పరీక్ష) చేయించి, ఎంతొచ్చిందో నాకు రాయి.

నీ
మూర్తి