కౌంటీ జడ్జి గారూ, మా కాలువ పూడిక ఎప్పుడు తీయిస్తారు?

గౌరవనీయులైన కౌంటీ జడ్జి గారికి నమస్కారం.

మన టెక్సస్‌లో జడ్జి అన్నది పేరుకే, జిల్లా లాంటి ఈ కౌంటీ పాలనకు పెద్ద మీరే. అందుకే ఇంగ్లీషులో మీ ఆఫీసుకు మూడుసార్లు పిటిషన్ పెట్టాం. మూడోదాని మీద మా వీధివాళ్లంతా సంతకాలు చేశారు. ఒక్కదానికీ జవాబు లేదు. మీకు ఓటేసిన మా తెలుగువాళ్లూ చదవాలని ఈసారి తెలుగులో రాస్తున్నాను.

2017 ఆగస్టులో హార్వీ తుఫానుకు మా ఇంట్లో నడుములోతు నీళ్లు నిలిచాయి. గ్యారేజీ గోడ మీద ఆ గీత ఇంకా ఉంది. మరుసటి ఏడు మీరు ఓట్లు అడగడానికి వచ్చి, ఆ గీత మీద చెయ్యి పెట్టి, కాలువ బాగు చేయించడమే నా మొదటి పని అన్నారు. మా అత్తయ్య మీకు మజ్జిగ ఇచ్చింది. 2018లో గెలిచారు. 2022లో అదే మాట చెప్పి మళ్లీ గెలిచారు. ఈలోగా కాలువలో మనిషెత్తు చెట్లు లేచాయి. రోడ్డు కింద తూము సగానికి పైగా ఒండ్రుతో మూసుకుపోయింది.

2024 జులై 8న బెరిల్ తుఫాను వచ్చినప్పుడు కరెంటు లేదు. టార్చిలైటు పట్టుకుని అరగంటకోసారి కాలువ దగ్గరికి వెళ్లి చూసొచ్చాను. నీళ్లు మా కంచె దాకా వచ్చి ఆగాయి. అప్పటినుంచి నాలుగు చినుకులు పడితే చాలు, అత్తయ్య తన పాస్‌పోర్టు, బీపీ మాత్రలు, దేవుడి పటాలు మూటగట్టి మేడ మీదికి చేరుస్తుంది. డెబ్భై నాలుగేళ్ల మనిషి, మోకాళ్ల నొప్పులతో ఆ మెట్లెక్కుతుంటే చూడలేకపోతున్నాను.

ఫోన్ చేస్తే కౌంటీ ఇంజినీర్లు మా ప్రాంతం నుంచి గెలిచిన కమిషనర్‌ని అడగమంటారు, కమిషనర్ ఆఫీసువాళ్లు బడ్జెట్ లేదంటారు. ఆ బడ్జెట్ తేల్చే కమిషనర్స్ కోర్టుకు, అంటే కౌంటీ పాలకమండలికి, అధ్యక్షులు మీరే కదండీ! నలుగురు కమిషనర్లూ మీ పక్కనే కూర్చుంటారు. వరదొస్తే ఇళ్లు ఖాళీ చేయమని ఉత్తర్వు ఇచ్చే అధికారం మీకుంది. ఆ ఉత్తర్వు అవసరం రాకుండా పూడిక తీయించమనే మేం అడుగుతున్నాం. పని అజెండాలో పెట్టండి, ఒక తేదీ చెప్పండి. ఈ పదవీకాలం 2026తో అయిపోతుంది, ఆలోపే చేయించండి.

దయచేసి ఒక్కసారి వచ్చి ఆ తూము చూడండి. శనివారాలు నేను ఇంట్లోనే ఉంటాను.

ఇట్లు,
మీకు రెండుసార్లూ ఓటేసిన ఒక ఇల్లాలు