సుగ్గికి పోయే టీబీ పేషెంటుకు మందులెవరిస్తారు సార్?

ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం సార్. కర్నూలు జిల్లా కోసిగి నుంచి రాస్తున్నాను. ధర్మవరంలో గెలిచిన మీకు సీమ వలసల గురించి కొత్తగా చెప్పేదేం లేదు గానీ, మీ శాఖ టీబీ విభాగానికి మాత్రం ఆ సంగతి పట్టినట్టు లేదు.

కోసిగి, పెద్దకడుబూరు, మంత్రాలయం పల్లెల్లో ఇక్కడి పనులు అయిపోగానే ఇళ్ళకు తాళాలు పడతాయి. పిల్లాజెల్లాతో బొలెరోలెక్కి పత్తి తీయడానికి, మిరపకాయలు కోయడానికి గుంటూరు వైపు సుగ్గికి, అంటే వలస కూలికి, పోతారు. టీబీ మందులేమో మామూలు కేసుకే ఆర్నెల్లు వాడాలి. అంటే దసరా ముందు జబ్బు బయటపడినోళ్ళ కోర్సు సగం ఊళ్ళో, సగం చేని పక్కన పట్టా గుడిసెలో.

మా వీధిలో ఒకాయనకు కళ్ళె పరీక్షలో టీబీ తేలింది. బిళ్ళలు మొదలుపెట్టాక ఒంటేలు ఎర్రగా వస్తే నెత్తురనుకొని హడలిపోయాడు, అది రిఫాంపిసిన్ మందు రంగేనని ఆశా అక్క వచ్చి చెప్తే గానీ మళ్ళీ మింగలేదు. రెండు నెలలకు దగ్గు పోయింది, ఆకలి పుట్టింది, బండెక్కాడు. ఉన్న బిళ్ళలు అయిపోయాక అక్కడ ఎవర్నీ అడగలేదు, కూలీలను తీసుకుపోయే మేస్త్రీకి తెలిస్తే గుంపులోంచి తీసేస్తాడని భయం. దగ్గు తగ్గితే క్రిములు చచ్చినట్టు కాదు, మధ్యలో ఆపితే జబ్బు తిరగబెడుతుంది, ఆ మందులకు లొంగని మొండి టీబీ కూడా కావచ్చు. ఉగాదికి ఆయన దగ్గుతూనే దిగాడు. అన్నాళ్ళూ ఒకే గుడిసెలో పడుకున్నోళ్ళను ఎవరు పరీక్ష చేశారు?

పేషెంటుకు నిక్షయ్ అనే ప్రభుత్వ టీబీ ఆన్‌లైన్ రికార్డులో ఐడీ ఉంటుంది, ట్రీట్‌మెంట్‌ను వేరే జిల్లాకు బదిలీ చేయొచ్చు. తిండికి నెలకు ఇచ్చే 500 రూపాయలను 2024 నవంబరు నుంచి 1000 చేశారు, మంచిదే. ఆ డబ్బు అకౌంట్లో పడుతుంది, మనిషి ఎక్కడున్నా తీసుకుంటాడు. బిళ్ళలే వెంట పోవడం లేదు.

దసరాకు ముందే ఊళ్ళకు చేతిలో పట్టే ఎక్స్‌రే మిషన్లు పంపండి. పోయేవాళ్ళకు రెండు నెలల మందులు ఇచ్చి, దిగే మండలం పీహెచ్‌సీకి ముందే ఫోన్ చేయించండి. ఇంట్లోవాళ్ళకు, ముఖ్యంగా చంటిపిల్లలకు, పరీక్ష చేసి నివారణ మందులివ్వండి. జబ్బు సంగతి మేస్త్రీ చెవిన పడనీయకండి.

ఇంకొకటి, ఆ ఎక్స్‌రే క్యాంపు పొద్దున పదింటికి పెట్టి మూడింటికి ఎత్తేయొద్దు. కూలికి పోయినోళ్ళు ఆరు దాటితే గాని ఇల్లు చేరరు, రాత్రి ఎనిమిదింటి దాకా ఉంచండి.

ఇట్లు,
కోసిగి నుంచి ఒక ఓటరు