శాలువా ఫొటో సరే, శిబిరం సంగతి ముందురోజు వేయండి

సంపాదకులు గారికి నమస్కారం.

పోయిన వారం మీ పత్రికలో చిన్న ఊళ్ల సేవా క్లబ్బుల మీద ఒక చురక వచ్చింది. ఒకళ్లకొకళ్లు శాలువాలు కప్పుకోవడం, ఆస్పత్రిలో అరటిపండ్లు పంచి పదిమంది ఫొటోకి నిలబడటం తప్ప వీళ్లు చేసేదేముంది అని. చదివి నవ్వుకున్నాను, అందులో సగం నిజమే మరి. మంచం మీద పేషెంట్ చేతిలో ఒక్క యాపిల్, దాని మీద ఎనిమిది చేతులు, ఆ ఫొటో చూసి చూసి నాకూ విసుగొచ్చింది. కానీ ఆ ఫొటోలు వేసేది ఎవరండీ? మీ జిల్లా పేజీయే కదా. క్లబ్ వాళ్లు పంపిందల్లా అచ్చేసి, తర్వాత మీరే వెక్కిరిస్తే ఎలా?

నేనుండేది మల్కాజ్‌గిరిలో. మాది జనగామ వైపు ఒక చిన్న టౌను. ఉద్యోగం చేసినన్నాళ్లూ అక్కడి లయన్స్ క్లబ్‌లో మెంబర్‌ని, పిల్లల దగ్గరికి సిటీకి వచ్చేశాక కూడా వీలైనప్పుడల్లా రైలెక్కి మీటింగ్‌కి పోతుంటాను. కాబట్టి ఇది క్లబ్బు మనిషి రాసిన ఉత్తరమే, అలాగే చదువుకోండి.

మా క్లబ్బులో ఉండేది ఎవరనుకున్నారు? ఎరువుల దుకాణం ఆయన, రైస్‌మిల్లు ఆయన, మెడికల్ షాపు, ఫొటో స్టూడియో, ఎల్ఐసీ ఏజెంటు, రిటైరైన హెడ్‌మాస్టరు, జూనియర్ కాలేజీ లెక్చరర్లు. ఫంక్షన్ హాలు మేడ మీద గదిలో కూర్చుంటాం. గంట కొట్టాక మీటింగ్ మొదలు, లేటుగా వస్తే ఫైను, కోటుకి పిన్ను లేకపోతే ఫైను, పక్కవాడితో ముచ్చట్లు పెట్టినా ఫైనే. ఫైన్లు వేయడానికే ఒక పదవి ఉంది, టెయిల్ ట్విస్టర్ అంటారు. ఆయన వేసిన ఫైనుకి అప్పీలు లేదు, ఆయనకి ఫైను వేయాలంటే మాత్రం మీటింగ్‌లో ఉన్నవాళ్లంతా ఏకగ్రీవంగా ఒప్పుకోవాలి! బయటివాళ్లకి ఇదంతా పిల్లలాటలా కనిపిస్తుంది, నాక్కూడా మొదట్లో అలాగే అనిపించింది. కానీ చిన్న ఊళ్లో అప్పిచ్చినవాడూ తీసుకున్నవాడూ, గట్టు తగాదాలో కోర్టుకెక్కిన ఇద్దరూ, మొన్నటి మున్సిపల్ ఎన్నికల్లో ఒకళ్ల మీద ఒకళ్లు పోటీ చేసినవాళ్లూ ఒకే బల్ల దగ్గర కూర్చుని బగారా అన్నం తినాలంటే ఇలాంటి ఆటేదో ఒకటి ఉండాలి.

ఇంకో నియమం కూడా ఉంది. 1917లో అమెరికాలోని షికాగోలో మెల్విన్ జోన్స్ అనే ఇన్సూరెన్స్ ఏజెంటు ఈ సంస్థని మొదలుపెట్టాడు (మా ఎల్ఐసీ ఏజెంటు ఏటా జులైలో కొత్త కార్యవర్గం ప్రమాణం చేసే రోజు ఈ సంగతి గుర్తుచేయకుండా వదలడు). దాని ఆశయాల్లోనే రాసి ఉంది, క్లబ్బులో ఏ విషయమైనా మాట్లాడుకోవచ్చు గానీ పార్టీ రాజకీయాల మీద, మతం మీద వాదులాట పెట్టుకోకూడదని. తెలంగాణ ఉద్యమం జోరుగా ఉన్న రోజుల్లో, సకల జనుల సమ్మెలో బడులూ బస్సులూ బంద్ అయినప్పుడు కూడా, తలోదిక్కు ఆలోచించే మా వాళ్లు కంటి శిబిరానికి టెంటు ఎక్కడ వేయాలన్న దాని మీద మాత్రమే గొడవ పడ్డారు. గట్టిగానే పడ్డారు లెండి.

కంటి శిబిరాలంటే గుర్తొచ్చింది. 1925లో హెలెన్ కెల్లర్ లయన్స్ మహాసభకి వచ్చి, చూపులేనివాళ్ల తరఫున నిలబడండని అడిగిందట, అప్పట్నుంచి ఇది ఆ క్లబ్బుల ప్రధానమైన పని అయింది. మీ ఫొటోలో కనిపించేది రిబ్బన్ కటింగ్. కనిపించనిది ఏమిటంటే, ఈ రోజుల్లో ఆపరేషన్లు టెంటులో చేయరు, పరీక్ష ఒక్కటే అక్కడ, శుక్లాలు ముదిరినవాళ్లని బస్సులో హైదరాబాద్ ఆస్పత్రికి తీసుకురావాలి. ముసలామె బస్సెక్కదు. బీపీ ఎక్కువుందని ఒకాయన్ని వెనక్కి పంపితే మళ్లీ రమ్మని ఒప్పించాలి. ఆపరేషనయ్యాక వారాల తరబడి చుక్కలు వేసుకోవాలి, కంట్లో నీళ్లు పడకుండా చూసుకోవాలి, కొడుకులేమో పనులకి పోతారు. అప్పుడు ఆ వాడకట్టులో ఉండే మెంబరు భార్య పొద్దునా సాయంత్రం పోయి చుక్కలు వేసొస్తుంది. 2018లో ప్రభుత్వం కంటి వెలుగు మొదలుపెట్టినప్పుడు ఇక క్లబ్బులకి పనేముంది అన్నారు చాలామంది. ఊరూరా పరీక్షలు చేసి కళ్లద్దాలు ఇచ్చిన ఆ పథకం మంచిదే, కాదనను. కానీ చుక్కలు వేసే మనిషి ఏ పథకంలోనూ రాదు.

అసలు నేను ఈ ఉత్తరం రాయడానికి కారణం ఫ్రీజర్ బాక్సు. చిన్న టౌన్లలో చాలా క్లబ్బుల దగ్గర ఇది ఉంటుంది, శవాన్ని పెట్టే చల్లటి గాజుపెట్టె, కొన్నిచోట్ల వైకుంఠరథం కూడా. పిల్లలు అమెరికాలోనో దుబాయ్‌లోనో ఉంటారు, వాళ్లొచ్చేదాకా ఆగాలి కదా. ఏ ఇంట్లో చావు జరిగినా, అర్ధరాత్రయినా, ముందు ఫోను మా సెక్రటరీకి వస్తుంది. ఆయన లుంగీ మీదే బయల్దేరుతాడు, తోడుగా ఇద్దరు ముగ్గురు, పెట్టె దింపి కరెంటు కనెక్షన్ ఇచ్చి, టెంట్‌హౌస్ వాడికి కుర్చీలు చెప్పి, పాడెకి వెదురు సంగతి చూసేది కూడా వాళ్లే. ఇది ఏ పేపర్లోనూ రాదు, రావడం వాళ్లకీ ఇష్టం ఉండదు.

నేత్రదానం గురించి మీరు ఏటా వ్యాసాలు వేస్తారు. కళ్లు తీయాల్సింది చనిపోయిన ఆరు గంటల లోపు. ఆ ఆరు గంటల్లో ఏడుస్తున్న ఇంట్లోకి పోయి, అమ్మ కళ్లు ఇస్తారా అని ఎవరు అడగాలి? కొత్తవాడు అడిగితే కొట్టినంత పని చేస్తారు. పెట్టె తెచ్చిన మనిషి అడుగుతాడు, కార్తీకమాసం వనభోజనాల్లో ఆ అమ్మ చేత్తో పులిహోర తిన్న మనిషి అడుగుతాడు, పెద్దకొడుకు భుజం మీద చెయ్యేసి. అన్నిసార్లూ ఒప్పుకోరు, కళ్లు తీసేస్తే వచ్చే జన్మలో గుడ్డిగా పుడుతుందని ఏ మేనత్తో అంటుంది. ఒప్పుకుంటే మాత్రం వెంటనే దానమిచ్చిన కళ్లు సేకరించే ఐ బ్యాంకుకి ఫోను పోతుంది, వాళ్ల టెక్నీషియన్ వచ్చేలోపు ఫ్యాను ఆపేసి, కనురెప్పలు మూసి వాటి మీద తడి దూది పెట్టి, తల కింద దిండు పెట్టి ఎత్తుగా ఉంచాలి. పావుగంట, ఇరవై నిమిషాల పని, ముఖంలో తేడా ఏమీ తెలియదు. కళ్లద్దాలు వాడినవాళ్లవీ, షుగర్ ఉన్నవాళ్లవీ, శుక్లాల ఆపరేషన్ అయినవాళ్లవీ కూడా పనికొస్తాయి, ఎందుకంటే అతికించేది కంటి ముందుండే నల్లగుడ్డు పైపొర మాత్రమే. ఒక్క మనిషి కళ్లతో ఇద్దరికి చూపు రావచ్చు. ఫ్యాను సంగతి ఎంతమందికి తెలుసు చెప్పండి, చావింట్లో మనం మొదట చేసేదే ఫ్యాను వేయడం.

అందుకే భోజనాలూ, పిక్నిక్కులూ, ఫైన్ల వేళాకోళం వేరు, సేవ వేరు అని మీ చురకలో విడగొట్టినది నాకు నచ్చలేదు. ఆ భోజనాలే లేకపోతే ఆ ఇంటి గడప తొక్కే చనువు ఎక్కడిది? 1987 నుంచి ఆడవాళ్లకీ లయన్స్‌లో సభ్యత్వం ఇచ్చారు, మా ఊళ్లో అది అమలయ్యేసరికి చాలా ఏళ్లు పట్టిందనుకోండి, అయినాక ఇళ్లల్లోకి పోయే పనులు ఇంకా తేలికయ్యాయి.

క్లబ్బుల్లో లోపాలు లేవా అంటే బోలెడు. ప్రెసిడెంటు పదవి కోసం ముఖాలు మాడ్చుకోవడాలు, ఫ్లెక్సీలో నా ఫొటో చిన్నదయిందని అలగడాలు నేను కళ్లారా చూశాను. రక్తదాన శిబిరాల సంగతి మరీ అన్యాయం. ఏ నాయకుడి పుట్టినరోజో చూసి జిల్లాలో అందరూ ఒకేరోజు పెడతారు. సేకరించిన రక్తం మామూలుగా 35 నుంచి 42 రోజులకి మించి నిలవ ఉండదు, ప్లేట్‌లెట్స్ అయితే 5 రోజులే. ఎండాకాలం కాలేజీలు మూసేస్తే రక్తం ఇచ్చేవాళ్లు దొరకరు, ఒంట్లో రక్తం సరిగ్గా తయారుకాని తలసేమియా జబ్బున్న పిల్లలకేమో రెండు మూడు వారాలకోసారి ఎక్కించాల్సిందే, వాళ్లకి సెలవులుండవు కదా. హైదరాబాద్ బ్లడ్ బ్యాంకుల ముందు మే నెలలో ఆ తల్లిదండ్రుల టెన్షన్ చూసినవాళ్లకి ఈ బాధ తెలుస్తుంది. ఎవరి శిబిరం ఏ నెలలో అన్నది క్లబ్బులు కూర్చుని పంచుకుంటే సరిపోతుంది, ఇది నేను మా మీటింగ్‌లో కూడా చెప్పాను, చర్చించి తర్వాత చూద్దామన్నారు.

ఇక మీ నుంచి నాకు కావాల్సింది. మా ఊరి శిబిరం వార్త ఎప్పుడూ మర్నాడే వస్తుంది, ‘శిబిరం విజయవంతం’ అని. అది చదివి ఎవరికేం లాభం? ఆదివారం శిబిరం అయితే శనివారం పేపర్లో వేయండి, రెండు లైన్లు చాలు, ఎక్కడ, ఎన్నింటికి, ఆధార్ కార్డు తెచ్చుకోవాలా వద్దా, షుగర్ మందులు వేసుకుని రావచ్చా అని. ఊళ్లో ఉన్న అమ్మానాన్నల కోసం సిటీలో ఉండే మాలాంటివాళ్లం జిల్లా ఎడిషన్ ఫోన్లో చూస్తూనే ఉంటాం, ఆ రెండు లైన్లు కనిపిస్తే ఇంటికి ఫోన్ చేసి చెప్తాం. అలాగే మీరు సంతాప ప్రకటనలు వేసే పేజీలో అడుగున ఐ బ్యాంకు నంబరు, ఫ్యాను ఆపండి అన్న ముక్క రోజూ ఉండేలా చూడండి. జాగా చాలకపోతే శాలువా ఫొటోని సింగిల్ కాలమ్‌కి కుదించుకోండి. మా ప్రెసిడెంటు గారు అలిగితే నేను మాట్లాడుకుంటాను.

ఇట్లు,
మీ పాత పాఠకుడు,
మల్కాజ్‌గిరి, హైదరాబాద్.