వంతెన కింది ఇసుక మట్టాన్ని కొలిచి ప్రజలకు చెప్పాలి

సంపాదకులకు నమస్కారములు.

రాజమహేంద్రవరం, కొవ్వూరుల మధ్య గోదావరి మీది వంతెనల ప్రస్తావన వస్తే మనం ముందుగా వాటి పొడవునే చెప్పుకుంటాం. 1974లో ప్రారంభమైన రోడ్డు కం రైలు వంతెనకు 91.5 మీటర్ల స్పాన్లు (స్తంభానికీ స్తంభానికీ మధ్య ఉండే భాగాలు) 27, సుమారు 45.7 మీటర్లవి 7 ఉన్నాయనీ, 2015లో వాడుకలోకి వచ్చిన నాలుగు వరుసల వంతెన నాలుగు కిలోమీటర్లు దాటిందనీ ఊరికి వచ్చిన చుట్టాలకు చూపిస్తూ గర్వపడతాం. ఆ గర్వం న్యాయమైనదే. కానీ ఆ వంతెనలను నిలబెడుతున్నది మన కంటికి కనిపించని చోట, నది అడుగున ఉన్న ఇసుకలో ఉంది. ఆ ఇసుక గురించే ఈ లేఖ.

గోదావరి వంటి ఇసుక నదిలో పొడవైన వంతెనకు సాధారణంగా బావి పునాదులు వేస్తారు. అడుగున ఉక్కు అంచు బిగించిన పెద్ద కాంక్రీటు బావిని నదిలో నిలిపి, లోపలి ఇసుకను గ్రాబుతో (ఇసుకను పట్టి పైకి లేపే యంత్రపు తొట్టితో) తోడుతూ ఉంటే, బావి తన బరువుకు తానే కొంచెం కొంచెంగా కిందికి దిగుతుంది. అది దిగుతున్న కొద్దీ పైన గోడ కట్టుకుంటూ పోతారు, ఒక పక్కకు ఒరిగితే రెండో పక్క ఎక్కువ తవ్వి సరిచేస్తారు, అనుకున్న లోతు చేరాక అడుగును కాంక్రీటుతో మూసివేస్తారు. ఆ తరువాత వంతెన బరువును అడుగు నేల మోస్తుంది. గాలి, వరద ఒత్తిడి, రైలు బ్రేకు వేసినప్పటి తోపు, భూకంపం వంటి అడ్డంగా వచ్చే బలాలను మాత్రం ప్రధానంగా బావిని చుట్టూ పట్టి ఉంచిన ఇసుకే తట్టుకుంటుంది. కాబట్టి స్తంభం చుట్టూ ఉన్న ఇసుక కూడా వంతెనలో భాగమే.

వరద వచ్చినప్పుడు ప్రవాహం స్తంభాన్ని ఢీకొని కిందికి మళ్లి, స్తంభం అడుగున సుడి తిరుగుతూ ఇసుకను పెకలించి గుంట చేస్తుంది. వరద తగ్గేటప్పుడు అదే నది తెచ్చిన ఇసుక ఆ గుంటను తిరిగి పూడుస్తుంది. అందుకే నీరు తేరుకున్నాక వెళ్లి చూసినవారికి ఏమీ జరగనట్టే ఉంటుంది. అసలు ప్రమాదం వరద ఉద్ధృతంగా ఉన్న ఆ కొన్ని గంటల్లో వచ్చి పోయి ఉంటుంది. ఇంజనీర్లు దీన్ని ముందే లెక్కలోకి తీసుకుంటారు. మన దేశపు కాలువల మీద పనిచేసిన జెరాల్డ్ లేసీ చూపిన పద్ధతిలో, మీటరు వెడల్పుకు ఎంత వరద వస్తుంది, ఇసుక రేణువు ఎంత ముతకది అన్నవాటిని బట్టి సగటు కోత లోతు కడతారు. స్తంభం దగ్గర దానికి రెండింతలుగా తీసుకుని, బావిని అందులో మూడో వంతు ఇంకా కిందికి దింపుతారు. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కుల వరద, 2022 జులైలో 25 లక్షలు దాటిన వరద వచ్చినా రోడ్డు కం రైలు వంతెన నిలబడింది.

అయితే ఈ లెక్క అంతా నది అడుగు ఒక మట్టంలో ఉంటుందన్న నమ్మకం మీద నడుస్తుంది. మనిషి తవ్వి ఆ మట్టాన్నే దించితే, మళ్లీ అంతే వరద వచ్చినా కోత ఇంకా కింద మొదలవుతుంది. తవ్విన గుంట ఉన్నచోట ఉండదు కూడా: దాని ఎగువ అంచు కోసుకుంటూ పైకి పాకుతుంది, గుంటలో ఇసుక దించేసి వెళ్లిన నీరు దిగువ అడుగును కోస్తుంది. పోర్చుగల్‌లో 2001 మార్చి 4 రాత్రి దౌరు నదిపై ఉన్న పాత వంతెన స్తంభం కూలి 59 మంది చనిపోయారు. ఏళ్ల తరబడి సాగిన ఇసుక తవ్వకం ఆ స్తంభం పునాదిని బలహీనపరచిందని విచారణలో తేలింది.

మన వాల్టా (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టం) నిబంధనలు వంతెనలకు 500 మీటర్ల లోపల ఇసుక తీయరాదని చెబుతున్నాయి. మంచి నిబంధనే. కానీ మా ఊరి దగ్గర నది ధవళేశ్వరం బ్యారేజీకి ఎగువన ఉండటం వల్ల ఏడాది పొడవునా నీరు నిలిచి అడుగు కనబడదు, ఆ నీటి మీద ఏ గీతా లేదు. రేవులో నిలబడి ఇసుక పడవలను చూసినప్పుడు అవి హద్దుకు లోపల ఉన్నాయో అవతల ఉన్నాయో నేను ఏనాడూ చెప్పలేకపోయాను. బకెట్టు పట్టుకుని నీట మునిగి ఇసుక తెచ్చే పడవ కూలీకి కూడా అది తెలిసే మార్గం లేదు. అతని పొట్ట కొట్టాలన్నది నా ఉద్దేశం కాదు. ఎక్కడ తీయవచ్చో అతనికి స్పష్టంగా చూపించడం న్యాయం.

అందువల్ల సంబంధిత అధికారులకు నా విన్నపం ఇది. వంతెనలకు రెండు వైపులా హద్దు తెలిసేలా నీటిపై తేలే గుర్తులు వేయించాలి. ప్రతి స్తంభం చుట్టూ నది అడుగును వానాకాలానికి ముందు, తరువాత ధ్వని పరికరంతో కొలిపించి, కొన్ని ముఖ్యమైన స్తంభాలకు వరద సమయంలో కూడా లోతు చెప్పే పరికరాలు అమర్చాలి. వంతెన కట్టేనాటి అడుగు మట్టం, లెక్కలో తీసుకున్న గరిష్ఠ కోత మట్టం, ఈ ఏటి మట్టం, ఈ మూడింటినీ పక్కపక్కన వేసి ఏటా ప్రచురించాలి. మట్టం దిగజారుతున్న చోట 500 మీటర్లు చాలవని ఒప్పుకుని హద్దును పెంచాలి. పోలవరం జలాశయంలో నీరు పూర్తిగా నిలిచిన తరువాత పైనుంచి వచ్చే ఇసుకలో కొంత అక్కడే ఆగిపోతుంది కనుక, ఈ కొలతలు ఇప్పుడే మొదలైతే అప్పటి మార్పును పోల్చిచూడటానికి ఆధారం ఉంటుంది.

ఇట్లు,
ఒక పాఠకుడు,
కొవ్వూరు