36 ఎందుకు రాదంటే

చిన్నీ,

నీ గొంతు విని పన్నెండు రోజులైంది. ఫోన్ మోగితే చాలు, మీ అమ్మ చేతిలో పని వదిలేసి వస్తోంది. పరీక్షలో క్లోరిన్ సగటు పరమాణు భారం లెక్కకు నువ్వు 36 అని రాసి వచ్చావని, అప్పట్నుంచీ ముభావంగా ఉంటున్నావని రాజీ పిన్ని నిన్న మాటల్లో అంది. నేను దాని గురించి అడగను. కళ్ళజోడు మార్పించుకున్నావా? తలనొప్పి తగ్గిందా?

36 అంటే 35నీ 37నీ కలిపి సగం చేసినట్టు. క్లోరిన్ రెండు ఐసోటోపులూ, అంటే మూలకం ఒకటే అయినా బరువు వేరైన ఆ రెండు రకాల పరమాణువులూ, చెరిసగం ఉంటేనే అది చెల్లుతుంది. ప్రకృతిలో దొరికే క్లోరిన్‌లో నాలుగింట దాదాపు మూడు పరమాణువులు 35వే. అందుకని జవాబు 35 వైపు ఒరగాలి. ఏ లెక్కలోనైనా పెన్ను పెట్టకముందే ఆ ఒరుగు ఎటో చూసుకో, సగం తప్పులు అక్కడే దొరికిపోతాయి. తర్వాత ఒక్కో ఐసోటోపు అసలు ద్రవ్యరాశిని దాని వాటాతో (శాతాన్ని వందతో భాగించి) గుణించు:

34.96885 × 0.7576 = 26.49240
36.96590 × 0.2424 = 8.96053

రెండూ కూడితే 35.45293, అంటే 35.45. శాతాన్ని వందతో భాగించడం మరిస్తే 3545 వస్తుంది, అది చూడగానే తెలిసిపోతుంది. తెలియనివ్వని తప్పు వేరే ఉంది: అసలు ద్రవ్యరాశుల బదులు 35, 37 వేస్తే 35.48 వస్తుంది. నిజంలాగే కనిపిస్తుంది, కానీ తప్పు. కేంద్రకం కట్టుబడినప్పుడు కొంత ద్రవ్యరాశి శక్తిగా పోతుంది, అందుకే అవి 35, 37 కన్నా కాస్త తక్కువ. మధ్యలో అంకెలు కుదించకు, చివర్లోనే కుదించు. శాతాలన్నీ కూడితే 100 వస్తోందో లేదో కూడా చూడు. మూడు ఐసోటోపులున్న మెగ్నీషియంలో ఒకటి వదిలేసేవాళ్ళే ఎక్కువ.

రసాయన శాస్త్రవేత్త థియోడర్ రిచర్డ్స్ సంగతి నీకు చెప్పానో లేదో. పరమాణు భారాలను కచ్చితంగా కొలిచినందుకే ఆయనకు 1914 నోబెల్ ఇచ్చారు. అదే ఏడాది యురేనియం ఖనిజాల్లోంచి తీసిన సీసాన్ని శుద్ధి చేసి కొలిచాడు. మామూలు సీసం 207.2 ఉండాలి. అది అంతకన్నా తక్కువ వచ్చింది, ఒక నమూనాలో 206.4 దాకా దిగింది. ఏదో కల్తీ ఉందనుకోవడానికీ వీల్లేదు, వర్ణపటం, అంటే అది వెలువరించే కాంతి గీతలు చూస్తే మామూలు సీసానివే. యురేనియం 238 క్షీణించి క్షీణించి చివరకు సీసం 206గా మిగులుతుంది, ఆ ఖనిజంలో అదే ఎక్కువ పోగుపడింది. థోరియం అయితే 208 దగ్గర ఆగుతుంది. మూలకం ఒకటే, మిశ్రమం వేరు, అందుకే సగటు వేరు. ఆవర్తన పట్టికలో నువ్వు చూసే 35.45 కూడా ఒక్క పరమాణువు బరువు కాదు తల్లీ, అంత బరువున్న క్లోరిన్ పరమాణువు ఎక్కడా లేదు.

అడగనన్నాను కానీ, ఈసారి తిరగేసి అడిగితే భయపడకు. సగటు 35.45 ఇచ్చి 37 వాటా ఎంత అంటే, 35.45 లోంచి 34.97 తీసేయ్, 0.48. రెండు ద్రవ్యరాశుల తేడా 2.00. భాగిస్తే 0.24, అంటే 24 శాతం. రాగి నువ్వే చెయ్యి: 62.9296 వాటా 69.15 శాతం, 64.9278 వాటా 30.85. 63.55 రావాలి.

రాత్రి ఒంటిగంట దాకా మేలుకుని చెయ్యకు, పొద్దున చెయ్యి. ఎంత వచ్చిందో ఫోన్ చేసి చెప్పు. ముందు అమ్మతో మాట్లాడి తర్వాత నాకివ్వమను.

నాన్న